పర్స్‌డ్ లిప్స్‌ అన్నీ అలక కాదు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన అనువాద కథ రెండుసార్లు చదివాను. చెయ్యి బాగా తిరిగింది. ఒక్క మాట దగ్గరే నాకు అడ్డం తగిలింది. ఇంగ్లీషు మూలంలో ‘పర్స్‌డ్ లిప్స్’ (దగ్గరకు బిగించిన పెదవులు) వచ్చిన ప్రతిచోటా ‘మూతి ముడుచుకుంది’ అని రాశావు. దాంతో అత్తగారు అలిగినట్టయింది. కథలో ఆవిడ అలగలేదు. కోడలి ఖర్చు నచ్చక, పైకి అనలేక ఊరుకుంది.

పర్స్ అంటే ఇక్కడ జిప్పు సంచి అనుకోకు. తాడు లాగి మూతి బిగించే పాతకాలపు డబ్బుసంచి. మా అమ్మమ్మ బొడ్లో దోపుకునే వక్కల సంచీ అలాంటిదే. తాడు లాగగానే గుడ్డంతా ముడతలు పడి మధ్యకు చేరేది. పెదవులు అలా దగ్గరకు చేరితే పర్స్‌డ్. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లో ఇదే క్రియను కనుబొమలు ముడవడానికి వాడాడు. మనకు సంచికీ మూతే, మనిషికీ మూతే. అందుకే ఈ మాట మనకు ఇట్టే పట్టుబడుతుంది, అక్కడే పొరపాటూ జరుగుతుంది.

ఎందుకంటే ఇంగ్లీషు మాట పెదవుల ఆకారమే చెబుతుంది. తెలుగులో మూతి ముడిస్తే అలక, పెదవి విరిస్తే అసంతృప్తి, మూతి తిప్పితే ఈసడింపు. నేను కొత్తలో ఒక అనువాదంలో ఎక్స్‌రే చూస్తూ ఆలోచిస్తున్న డాక్టరు చేత మూతి ముడిపించాను. అచ్చయ్యాక చూసుకుని ఎంత బాధపడ్డానో! ‘పెదవులు బిగించి ఎక్స్‌రే వంకే చూశాడు’ అంటే సరిపోయేది.

‘పౌటీ’తో కలిపెయ్యకు. అది కింది పెదవి ముందుకు పెట్టడం, మన బుంగమూతి. ‘టైట్‌లిప్డ్’ అంటే ఆ విషయం మీద నోరు విప్పని మనిషి. పర్స్‌డ్ ఆ క్షణానిదే, పుట్టుకతో వచ్చిన పోలిక కాదు. అందగత్తె వర్ణనలో పెదవులకు ఈ విశేషణం తగిలించకు.

ఆయాసం రోగుల కరపత్రం కూడా చేస్తున్నానన్నావుగా, అందులో ‘పర్స్‌డ్ లిప్ బ్రీతింగ్’ వస్తుంది. అక్కడ భావం ఏమీ లేదు, పద్ధతే ముఖ్యం. ‘ముక్కుతో గాలి పీల్చి, ఈల వేసేటప్పటిలా పెదవులు పెట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలండి’ అని రాయి. చదివే ముసలాయనకు ఒక్కసారికే అర్థం కావాలి.

అత్తగారి వాక్యం మార్చి పంపు. ‘ఏదో అనబోయి పెదవులు బిగించింది’ అంటే ఎలా ఉంటుందో గట్టిగా చదివి చూడు.

ఇట్లు,
పెద్దమ్మ