ఆపి ఉంచిన కారును గుద్దితే ఖర్చు ఎవరిది?

ప్రశ్న: ఇంటి ముందు రోడ్డు పక్కన ఆపిన నా కారును ఒకాయన రివర్స్ చేస్తూ గుద్దాడు. ముందు బంపర్ చీలింది, ఎడమ ఫెండర్ నొక్కుకుపోయింది. తప్పు ఒప్పుకుని ఫోన్ నంబరు ఇచ్చాడు గానీ, ఇప్పుడు ఎత్తడం లేదు. నా కారుకు నాలుగో ఏడు నడుస్తోంది. కాంప్రెహెన్సివ్ పాలసీ ఉంది, ఇంతవరకు క్లెయిమ్ చేయలేదు. నా ఇన్సూరెన్స్ వాడుకోవాలా, అతనిదా?

జవాబు: మీ పాలసీలోని ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారు నష్టానికి ఇచ్చే భాగం) కింద అడిగితే పని త్వరగా అవుతుంది, కానీ ఉచితంగా అవదు. లెక్క వేసి చూడండి. బంపర్ 6,000, ఫెండర్ 4,000, పెయింటింగ్ 6,000, లేబర్ 4,000 కలిపి 20,000 రూపాయల బిల్లు అనుకుందాం. భాగాలు పాతబడ్డాయని ధర కోయకుండా కాపాడే జీరో డెప్ అనే అదనపు కవర్ లేకపోతే ప్లాస్టిక్ బంపర్ ధరలో సగం, అంటే 3,000 కోస్తారు. మూడేళ్లు దాటి నాలుగు నిండని కారుకు లోహపు భాగాల మీద 25 శాతం, అంటే 1,000 పోతుంది. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతు రంగు ఖరీదుగా పట్టి, అందులో సగం తీసేస్తారు. అది 750. ఆపైన 1500 సీసీ వరకు కారుకు ప్రతి క్లెయిమ్‌లో మీరే తప్పనిసరిగా భరించాల్సింది 1,000. చివరికి కంపెనీ ఇచ్చేది 14,250.

కోత అక్కడితో ఆగదు. క్లెయిమ్ చేయని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ). తప్పు ఎవరిదన్నది దానికి అనవసరం. క్లెయిమ్ తీసుకున్నారా లేదా అన్నదొక్కటే లెక్క. మీకు ఇప్పుడు 35 శాతం ఉండాలి. వచ్చే రెన్యువల్‌కు 45, ఆ తరవాతి నుంచి 50 దక్కుతుంది. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు సున్నా, ఆపై వరసగా 20, 25, 35, 45. డిస్కౌంట్‌కు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకుంటే ఐదు రెన్యువల్స్‌లో మీరు పోగొట్టుకునేది 4,500, 3,000, 2,500, 1,500, 500. మొత్తం 12,000. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కనుక అసలు నష్టం కాస్త తక్కువే ఉంటుంది. అయినా 14,250 కోసం అంత వదులుకోవడం లాభసాటి బేరం కాదు. క్లెయిమ్ చేసినా ఆ బోనస్ పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకుని ఉంటే, లేదా బిల్లు 50,000 దాటేలా ఉంటే మా సలహా వేరు. ఈపాటి దెబ్బకు ముందు అవతలి వ్యక్తినే అడగండి.

ప్రైవేటు కారు థర్డ్ పార్టీ పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి మామూలుగా 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది. కొంతమంది ప్రీమియం తగ్గుతుందని దాన్ని 6,000కు కుదించుకుంటారు, అది చూసుకోవాలి. బండి నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఇన్సూరెన్స్ అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. ఓనరు పేరు పూర్తిగా కనిపించదు. అందుకే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అని ఎఫ్ఐఆర్ కట్టకపోవచ్చు. కనీసం జనరల్ డైరీలో రాయించి, ఆ నంబరు, రసీదు తీసుకోండి. ఎదుటివారి ఆస్తికి నష్టం జరిగినా డ్రైవరు పోలీసులకు చెప్పాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ అంటోంది.

తరవాత ఫొటోలు, ఎస్టిమేట్ జతచేసి ఓనరుకు, అతని ఇన్సూరెన్స్ కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. మీ ఉత్తరం చూసి ఆ కంపెనీ నేరుగా చెక్కు పంపుతుందనుకోకండి. బాధ్యత తేల్చాల్సింది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. 2019 సవరణలోని ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 20,000 కోసం ట్రిబ్యునల్ మెట్లెక్కడం చాలామందికి దండగనిపిస్తుంది. అలాంటప్పుడు న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపించండి. ఫీజు ఉండదు, అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం.

అతను పంపిన ‘సారీ బ్రో, చూసుకుంటా’ మెసేజ్ చెరిపేయకండి. అయితే ‘మొత్తం బాధ్యత నాదే, ఇంత ఇస్తాను’ అని కాగితం రాయించుకునే ముందు ఒక సంగతి: కంపెనీ అనుమతి లేకుండా అలా ఒప్పుకోకూడదని అతని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. తేదీ, సమయం, చోటు, ఏ బండి దేన్ని తాకింది, ఈ నాలుగూ రాసి సంతకం చేస్తే చాలు.

బంపర్ విప్పకుండా వేసిన ఎస్టిమేట్‌ను నమ్మి రాజీకి ఒప్పుకోకండి. పైకి గీతలా కనబడే చోట లోపల హెడ్‌ల్యాంప్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవులు విరిగి ఉంటాయి, వెనకనున్న బీమ్ వంగి ఉంటుంది. దెబ్బ చక్రానికి తగిలితే అలైన్‌మెంట్, సస్పెన్షన్ ఆర్మ్ చూపించండి. బండి గేరులో ఉండగా గట్టిగా నెట్టుకుపోయి ఉంటే గేర్‌బాక్స్ కూడా.

ప్రశ్న: పొద్దున చూసేసరికి కారు తలుపు సొట్టపోయి ఉంది. ఎవరు గుద్దారో తెలియదు. ప్రభుత్వం ఇచ్చే హిట్ అండ్ రన్ పరిహారం వస్తుందా?

జవాబు: రాదు. ఆ పథకం మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇస్తుంది. వస్తు నష్టానికి పైసా ఇవ్వదు. మీకున్న దారి ఓన్ డ్యామేజ్ క్లెయిమ్. సీసీ కెమెరాల్లో పాత రికార్డు మీద కొత్తది ఎక్కేస్తుంది కాబట్టి ఆ రోజే అడిగి కాపీ తీసుకోండి. సొట్ట మీద అంటిన వేరే రంగును తుడవొద్దు. నేల నుంచి దాని ఎత్తు టేపుతో కొలిచి, టేపు కనబడేలా ఫొటో తీయండి. గుద్దిన బండి ఏదో తేల్చేటప్పుడు ఈ రెండూ పనికొస్తాయి. కింద పడిన ల్యాంపు ముక్కలుంటే కవర్లో దాచండి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడకముందే రిపేరు చేయిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

ప్రశ్న: కొత్త కారు కొన్నప్పుడే మూడేళ్ల ఇన్సూరెన్స్ కట్టాను. రెండో ఏడాది క్లెయిమ్‌కు వెళ్తే లేదంటున్నారు.

జవాబు: మూడేళ్లది థర్డ్ పార్టీ భాగం. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు అది తప్పనిసరి. ఓన్ డ్యామేజ్ సాధారణంగా ఒక ఏడాదికే ఇస్తారు, మీది ముగిసి ఉంటుంది. పాలసీ కాగితంలో రెండు తేదీలు విడివిడిగా ఉంటాయి, చూడండి. ఇప్పుడు గుద్దిన వ్యక్తి నుంచి రాబట్టుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

ప్రశ్న: హోటల్‌లో కారు పార్క్ చేసిపెట్టే వాలే సిబ్బందికి తాళాలిచ్చాను. గీతలతో తిరిగొచ్చింది. టోకెన్ మీద ‘ఓనర్స్ రిస్క్’ అని ఉందంటున్నారు.

జవాబు: ఆ ఒక్క ముక్కతో హోటల్ తప్పించుకోలేదు. వాలేలో పోయిన కారు కేసులో, సిబ్బంది నిర్లక్ష్యం ఉంటే ఆ షరతు కాపాడదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. తాళాలు వాళ్ల చేతికిచ్చారన్నదే ఇక్కడ కీలకం. మీరే పార్క్ చేసి తాళాలు దగ్గర పెట్టుకుంటే వాదన బలహీనపడుతుంది. టోకెన్ తిరిగిచ్చే ముందే ఫొటో తీసుకోండి, మేనేజర్‌కు అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి.