సీట్లు యాభై, జనం డెబ్బై

గణితంలో, ఫిజిక్స్‌లో కొత్త ఆలోచనలు మెరుపులా వాటంతటవే వస్తాయా అని అడిగారు. రావు. నా అనుభవం చెబుతాను.

డిగ్రీ రెండో ఏడాదిలో మా లెక్చరర్ ఒక లెక్క ఇచ్చారు. 1972 అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లోది. వేర్వేరు రెండంకెల సంఖ్యలు ఏ పది తీసుకున్నా, వాటిలో ఒకే మొత్తం వచ్చే రెండు గుంపులు ఉంటాయని నిరూపించాలి. ఒక గుంపులోని సంఖ్య రెండోదాంట్లో ఉండకూడదు. తొమ్మిది రోజులు ఆ గుంపుల కోసం వెతికాను. రఫ్ నోట్సు నిండిపోయింది. ఏ పది రాసుకున్నా జత దొరుకుతోంది, ఎందుకు దొరుకుతోందో అంతుపట్టదు.

ఆ శనివారం ఒంగోలులో అద్దంకి పల్లెవెలుగు ఎక్కాను. కాలు పెట్టడానికి చోటు లేదు. ఒక పెద్దావిడ సీటు కోసం కండక్టర్‌తో గొడవ పడుతోంది. ఆయన విసుగ్గా, "సీట్లు యాభై, జనం డెబ్బై. అందరూ కూర్చోవాలంటే ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోవాలి పెద్దమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. గుంపుల్ని వెతకడం ఎందుకు, లెక్కపెడితే చాలు! పది సంఖ్యలతో 1023 గుంపులు చేయొచ్చు. ఏ మొత్తమైనా 90 నుంచి 99 దాకా కూడితే వచ్చే 945 దాటదు. గుంపులు జనం, మొత్తాలు సీట్లు. ఎక్కడో రెండు గుంపులు ఒకే సీట్లో పడాల్సిందే. రెండింట్లోనూ ఉన్న సంఖ్యలు తీసేస్తే అయిపోయింది. టికెట్ వెనకాల రాసుకున్నాను.

కండక్టర్ మాట డెబ్బై మందీ విన్నారు. నాకు అది లెక్కలా వినిపించింది ఆ తొమ్మిది రోజుల వల్లే.

ఫ్రెంచి గణితవేత్త పాయింకరేకి కూతాన్స్ అనే ఊళ్ళో గుర్రపు బస్సు మెట్టు మీద కాలు పెడుతుండగా ఒక రకం ఫంక్షన్ల గురించి గొప్ప ఆలోచన వచ్చిందని అందరూ చెబుతారు. అంతకుముందు ఆయన పదిహేను రోజులు, అలాంటి ఫంక్షన్లు ఉండవని నిరూపించడానికి తంటాలు పడ్డ సంగతి చెప్పరు. రామానుజన్ అనగానే నామగిరి అమ్మవారు కలలో చెప్పిందంటారు. ఆయన భక్తిని నేను తక్కువ చేయను. కానీ కాగితం కొనలేక పలక మీద లెక్కలు చేసి, మోచేత్తో తుడుచుకుంటూ గడిపిన ఏళ్ళు ఏమైనట్టు?

ఫిజిక్స్‌లోనూ అంతే. 1925లో ఇంగ్లండు శాస్త్రవేత్త డిరాక్ ఒక ఆదివారం కేంబ్రిడ్జ్ దగ్గర నడుస్తుంటే, జర్మన్ శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ అణువుల గురించి చెప్పిన కొత్త సిద్ధాంతంలో తనను వేధిస్తున్న లెక్క, ఎప్పుడో చదివిన పాయిసాన్ బ్రాకెట్లలా (పాత మెకానిక్స్‌లో వాడే ఒక రకం లెక్క) ఉందని తట్టింది. అవి సరిగ్గా గుర్తులేవు. ఆదివారం కదా, లైబ్రరీలు మూసేశారు. రాత్రంతా టెన్షన్‌తో గడిపి, సోమవారం పొద్దున్నే వెళ్ళి చూసుకుంటే నిజంగానే సరిపోయింది.

ఇప్పుడు మన ఇంటర్ పిల్లలకు తట్టే అవకాశమే లేకుండా చేస్తున్నాం. లెక్కకు ఒక నిమిషం, రాకపోతే వదిలేసి తర్వాతది. తొమ్మిది రోజులు ఒక లెక్కతో ఉంటే ర్యాంకు పోతుందని ఇంట్లో ఏడుపులు. నాకు చాలా బాధగా ఉంటుంది.

నా దగ్గర ట్యూషన్‌కు వచ్చేవాళ్ళకు నెలకొక లెక్క ఇచ్చి, జవాబు చెప్పను. ఈ నెలది: చదరంగం బల్లలో ఎదురెదురు మూలల్లోని రెండు తెల్ల గళ్ళు తీసేస్తే, మిగిలిన 62 గళ్ళనూ రెండేసి గళ్ళు కప్పే ముక్కలతో నింపగలమా? తొమ్మిదో తరగతి అమ్మాయి రెండు వారాలుగా అట్టముక్కలు కత్తిరించి పరుస్తోంది. నిన్న వచ్చి, "కుదరడం లేదు సార్. కానీ ముప్ఫై ముక్కలు పెట్టాక మిగిలే రెండూ ప్రతిసారీ నల్లవే ఉంటున్నాయి, ఎందుకు?" అంది.