బిల్లులో ఒక వైన్, సీసా మీద ఇంకో వైన్

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగరీత్యా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాం. పదో పెళ్లిరోజుకి గ్రీసులోని శాంటోరిని దీవికి వెళ్లాం. అక్కడ ఒక వైనరీలో తాగిన డ్రై వైట్ వైన్ మా ఆవిడకి ప్రాణం. 12 సీసాలకు అక్కడే కార్డుతో డబ్బు కట్టి, ఇంటికి పంపమన్నాం. పార్సిల్ వచ్చి 14 నెలలైంది. ఈమధ్య స్నేహితుల కోసం నాలుగు సీసాలు తెరిస్తే ఆ రుచే లేదు, అందరి ముందూ తల కొట్టేసినట్లయింది. తీరా చూస్తే లేబుల్ మీద ‘సైక్లడీస్ పి.జి.ఐ.’ (శాంటోరిని ఉన్న సైక్లడీస్ దీవుల వైన్ అని చెప్పే ముద్ర) అని ఉంది. బిల్లులో మాత్రం ‘శాంటోరిని పి.డి.ఓ. అసిర్టికో’ (పి.డి.ఓ. అంటే అంతకన్నా కఠినమైన ప్రాంతీయ ముద్ర, అసిర్టికో ఒక ద్రాక్ష రకం) అని రాశారు. ఫోన్ చేస్తే పట్టించుకోవడం లేదు. 14 రోజుల వాపసు హక్కు నాకు వర్తిస్తుందా? పార్సిల్ అందలేదని బ్యాంకుకు చెప్పి డబ్బు వెనక్కి తెప్పించుకోమంటున్నాడు మా బావమరిది.
- ఒక పాఠకుడు

జవాబు: రుచి గురించి కోర్టుకు చెప్పి లాభం లేదు. మీ కేసు నిలబడేది బిల్లులోని ఆ ఒక్క లైను మీద.

14 రోజుల హక్కు మీకు లేదు. అది ఆన్‌లైన్‌లోనో, దుకాణం బయటో కొన్నవారికి. మీరు వైనరీలోనే కొన్నారు, సరుకు తర్వాత ఇంటికి వచ్చినంత మాత్రాన అది ఆన్‌లైన్ కొనుగోలు కాదు. మీకు అక్కరకొచ్చేది వేరే హక్కు: ఒప్పుకున్న సరుకే ఇవ్వాలన్నది. శాంటోరిని పి.డి.ఓ. అంటే ద్రాక్ష ఆ దీవిలో, పక్కనే ఉన్న థిరాసియా దీవిలో మాత్రమే పండాలి, అందులో కనీసం 75 శాతం అసిర్టికో ఉండాలి. సైక్లడీస్ పి.జి.ఐ.కి ఆ కట్టుబాటు లేదు, చుట్టుపక్కల దీవుల ద్రాక్షతోనూ చేయవచ్చు. అంటే మీకు వచ్చింది వేరే సరుకు.

గడువు సరుకు అందిన రోజు నుంచి రెండేళ్లు. మీకింకా పది నెలలున్నాయి. మొదటి ఏడాదిలో అయితే లోపం మొదటినుంచీ లేదని నిరూపించాల్సిన భారం అమ్మినవాడిదే. ఆ వెసులుబాటు మీకు పోయింది. లేబుల్ తనంతట తాను మారదు కాబట్టి ఇక్కడ పెద్ద నష్టం లేదు. కానీ వాళ్లు పంపినవి ఈ సీసాలేనని మీరు చూపించాలి. పెట్టె రాగానే లేబుల్ చదవడానికి ఎంతసేపు పడుతుంది? 14 నెలలు అటకమీద పెట్టి, ఫోన్‌లో మాట్లాడి ఊరుకున్నారు. ఫోన్ మాటకు సాక్ష్యం ఏది?

మీ బావమరిది సలహా చెవిన పెట్టకండి. పార్సిల్ తీసుకున్నట్లు కొరియర్ దగ్గర మీ సంతకం ఉండి ఉంటుంది. అందలేదని బ్యాంకుకు రాస్తే జర్మనీలో అది మోసం నేరం. వినియోగదారుడిగా ఉన్నవారు నిందితులవుతారు, వీసా మీద ఉన్నవారికి ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. పైగా డబ్బు వెనక్కి అడగడానికి కార్డు కంపెనీలు ఇచ్చే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

మిగిలిన ఎనిమిది సీసాలు తెరవకండి. ముందు, వెనక లేబుళ్లు, వాటి మీది లాట్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. తాగిన నాలుగింటి ఖాళీ సీసాలుంటే దాచండి. బిల్లు, కార్డు స్టేట్‌మెంట్, కొరియర్ రసీదు జతచేసి వైనరీకి ఈమెయిల్ పంపండి, రిజిస్టర్డ్ ఉత్తరం కూడా. బిల్లు ప్రకారం సరుకు మార్చి ఇవ్వమని, రవాణా ఖర్చు వాళ్లదేనని రాసి, మూడు వారాల గడువు పెట్టండి. కాదంటే ధర తగ్గింపో, డబ్బు వాపసో అడగవచ్చు.

జవాబు రాకపోతే జర్మనీలోని కేల్‌లో ఉన్న యూరోపియన్ వినియోగదారుల కేంద్రం ఉచితంగా మధ్యవర్తిత్వం చేస్తుంది. (పాత యూరప్ ఆన్‌లైన్ ఫిర్యాదు వేదిక 2025 జులై 20న మూతపడింది, దాని కోసం వెతకొద్దు.) అదీ కుదరకపోతే 5,000 యూరోల లోపు తగాదాలకు యూరోపియన్ స్మాల్ క్లెయిమ్స్ పద్ధతి ఉంది. ఫారం నింపి వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. వైనరీ వెబ్‌సైట్‌లో జర్మనీకి పంపుతామని, జర్మన్ భాషలో అమ్ముతామని ఉంటే ఆ పేజీ ఇప్పుడే ప్రింట్ తీసుకోండి. అప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టులోనే వేయడానికి వీలుంటుంది, లేకపోతే గ్రీసు దాకా వెళ్లాల్సి రావచ్చు. ఉత్తరాలు రాసినంత మాత్రాన రెండేళ్ల గడువు ఆగదు. మధ్యవర్తిత్వం తేలకపోయినా గడువుకు రెండు నెలల ముందే ఫారం కోర్టులో పడాలి.