షాట్‌గన్ పట్టినవాడు పర్కు పాయింట్లు ఎక్కడ ఖర్చు పెట్టాలి

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

ద హంటర్: కాల్ ఆఫ్ ద వైల్డ్ అనే వేట వీడియో గేమ్‌లో షాట్‌గన్ కొన్నావని, బాతులు పడటం లేదని, అందుకని చేతిలో ఉన్న పర్కు పాయింట్లన్నీ (ఆయుధం వాడే నేర్పు పెంచుకోవడానికి ఆట ఇచ్చే పాయింట్లు) షాట్‌గన్ విభాగంలోనే పోసేద్దామనుకుంటున్నావని రాశావు. కాస్త ఆగు. షాట్‌గన్‌తో దెబ్బ తప్పడానికి కారణాలు ఎక్కువగా మూడే: దూరం ఎక్కువ కావడం, తూటా సరిపడనిది కావడం, కదిలే జంతువు ఉన్నచోటికే గురిపెట్టడం. ఈ మూడింటికీ పర్కుల్లో మందు లేదు. పర్కు కొనిపెట్టేది ఎంతసేపూ సమయమే. మొదటి దెబ్బకీ రెండో దెబ్బకీ మధ్య కాస్త, తుపాకీ భుజానికెత్తడానికీ గురి కుదురుకోవడానికీ మధ్య కాస్త. ఆ సమయం నీకు ఎక్కడ చాలడం లేదో తెలియకుండా పాయింటు పెట్టడం దండగ.

ముందు తూటా సంగతి. ఆటలో ప్రతి జంతువుకీ 1 నుంచి 9 దాకా ఒక క్లాస్ ఉంటుంది. మల్లార్డ్ బాతు, కుందేలు 1. నక్క, కాయోటీ 2. రో డీర్ 3. వైట్‌టెయిల్ జింక 4. అడవిపంది 5. నల్ల ఎలుగు 7, మూస్ 8, యూరోపియన్ బైసన్ 9. స్టోర్‌లో ప్రతి తూటా మీదా అది ఏ క్లాసు నుంచి ఏ క్లాసు దాకా పనికొస్తుందో రాసి ఉంటుంది. కొనే ముందు ఆ వరస చదువు. చిన్న జంతువు మీద పెద్ద తూటా వాడితే చావడం చస్తుంది గానీ ట్రోఫీ విలువ పోతుంది. పెద్దదాని మీద చిన్న తూటా వాడితే నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ సాయంత్రం దాకా నడవాల్సి వస్తుంది.

బర్డ్‌షాట్, బక్‌షాట్, స్లగ్ అనే ఈ మూడూ ఒకే తుపాకీలో పడతాయి కానీ మూడూ మూడు వేరు వేరు ఆయుధాలనుకో. బర్డ్‌షాట్ పక్షులకీ, కుందేళ్లకీ. 6వ నంబరు గుళ్లయితే 28 గ్రాముల తూటాలో సుమారు 225 ఉంటాయి. 00 బక్‌షాట్‌లో మామూలుగా 9 గుళ్లే, ఒక్కొక్కటి సుమారు 8.4 మిల్లీమీటర్ల మందం. స్లగ్ అంటే ఒకే ఒక్క సీసపు ముద్ద. అసలు తుపాకుల లెక్కలివి. ఆటలో అంకెలు కొంచెం అటూ ఇటూ అయినా తీరు ఇదే.

గుళ్లు ఎలా విచ్చుకుంటాయో చెబుతాను, ఇక్కడ తొందరపడకు. మూతి దగ్గర బిగింపు లేని గొట్టం నుంచి వెళ్లిన గుళ్లు, ముందుకు సాగిన ప్రతి మీటరుకీ దాదాపు మూడు సెంటీమీటర్ల వెడల్పు సంపాదించుకుంటాయి. అంటే 15 మీటర్ల దగ్గర మూరెడు కూడా ఉండదు, 30 దగ్గర 80 సెంటీమీటర్లు దాటుతుంది. అసలు తుపాకీల్లో దీన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. 40 గజాల దూరంలో, అంటే ఇంచుమించు 36.5 మీటర్లలో, 76 సెంటీమీటర్ల వలయంలో ఎన్ని గుళ్లు పడ్డాయో చూస్తారు. బిగింపు లేని గొట్టానికి నూటికి 40, మూతి బాగా బిగించిన గొట్టానికి, అంటే ఫుల్ చోక్‌కి, నూటికి 70 అని వాడుక. ఇప్పుడు నువ్వే లెక్కెయ్యి. 225లో 40 శాతం అంటే 90 గుళ్లు. అవి అంత వలయం నిండా చెదిరితే బాతు ఒంటి మీద పడేవి ఏ నాలుగో. అందులో గుండెకో మెడకో తగిలేది ఒకటి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. 'సరిగ్గానే గురిపెట్టాను, ఎందుకు పడలేదు' అని నువ్వడిగిన ప్రశ్నకి జవాబు ఇదే.

కాబట్టి బర్డ్‌షాట్‌కి 30 మీటర్ల లోపు, బక్‌షాట్‌కి 20 మీటర్ల లోపు అని గీత గీసుకో. 9 గుళ్లతో పని కాబట్టి బక్‌షాట్‌కి ఇంకా దగ్గర కావాలి. 35 మీటర్ల దగ్గర జింక ఊపిరితిత్తుల్లోకి దిగేది ఒకటో రెండో. దూరం కళ్లతో అంచనా కట్టకు, తెర మీద బాతు ఎప్పుడూ ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది. స్టోర్‌లో మెరిసే తుపాకీ రంగుల కన్నా ముందు దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ కొనుక్కో. బాతులు రాకముందే నీటి అంచున ఉన్న ఒక రాయినో, మొద్దునో కొలిచి పెట్టుకో. అది 30 మీటర్లయితే దానికి ఇవతలికి వచ్చినదాన్నే కొట్టు.

స్లగ్ వేరే సంగతి. ఒకే ముద్ద కాబట్టి విచ్చుకోవడం ఉండదు, కానీ బరువెక్కువ, వేగం రైఫిల్ గుండంత ఉండదు. 50 మీటర్లకి గురి సరిచేసిన స్లగ్ 100 మీటర్ల దగ్గర 12 నుంచి 15 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. దాన్ని పొదల్లో దగ్గరగా కలిసిన పెద్ద జంతువుకి దాచుకో. రైఫిల్ పని స్లగ్ చేత చేయించకు.

ఎగిరే పక్షికి ఎంత ముందు కొట్టాలనేది కూడా లెక్కే. గుళ్లు గొట్టం దాటేటప్పుడు సెకనుకి 380 మీటర్ల ఊపులో ఉంటాయి, తర్వాత గాలికి మందగిస్తాయి. 30 మీటర్లు చేరేసరికి ఇంచుమించు సెకనులో పదో వంతు పడుతుంది. జోరుగా ఎగిరే బాతు సెకనుకి 20 మీటర్లు పోతుంది. అంటే నీ గుళ్లు చేరేసరికి అది రెండు మీటర్లు జరిగిపోయి ఉంటుంది. అడ్డంగా పోయే బాతుకి దాని ఒళ్లు మూడున్నర కొలతలంత ముందు కొట్టాలన్నమాట. 15 మీటర్ల దగ్గరైతే అందులో సగం చాలు. నీ మీదికే వచ్చేదానికీ, నీ నుంచి సూటిగా పోయేదానికీ పక్కకి ముందు పెట్టక్కర్లేదు. నీటి మీద నుంచి లేచేది మాత్రం మొదటి క్షణాల్లో పైకే పోతుంది, కాబట్టి గురి దాని తలకి పైన ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువమంది చేసే తప్పు, ముందుకు సరిగ్గానే గురిపెట్టి, ట్రిగ్గర్ నొక్కే క్షణాన చెయ్యి ఆపేయడం. తూటా పేలిన తర్వాత కూడా మౌస్ అదే వేగంతో సాగాలి.

ఇక పర్కులు. చేతిలో ఏ తుపాకీ ఉందో తెలియకుండా పర్కు గురించి మాట్లాడటం కుదరదు.

కేవర్‌షమ్ స్టీవార్డ్, కచ్చతోరే, స్ట్రెకర్ లాంటివి రెండు గొట్టాల తుపాకులు. రెండు తూటాలు పేల్చాక నీ చేతిలో ఉన్నది ఇనుప కర్రే. బాతుల గుంపు లేచినప్పుడు మొదటి రెండు దెబ్బలకి ఇబ్బంది లేదు, తర్వాత నింపుకునేలోపు ఆకాశం ఖాళీ అవుతుంది. వీటికి రీలోడ్, అంటే మళ్లీ తూటాలు నింపే, వేగం పెంచే పర్కు మొదట. కూసో మోడల్ 1897 పంప్ తుపాకీ. ప్రతి దెబ్బకీ ముందు చెక్కని వెనక్కి లాగి తొయ్యాలి కాబట్టి అక్కడ సమయం పోయేది రీలోడ్‌లో కాదు, రెండు దెబ్బల నడుమ. దీనికి దెబ్బ తర్వాత గురి త్వరగా కుదురుకోవడం ముఖ్యం. నార్డిన్ 20ఎస్‌ఏ సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కడమే ఆలస్యం, కానీ రెండో దెబ్బకి గొట్టం పైకెగిరి ఉంటుంది. దీనికి రికాయిల్, అంటే పేలినప్పుడు తుపాకీ తన్నే తన్ను, తగ్గించే పర్కు మొదట, రీలోడ్ చివర. అందులో 20 గేజ్ తూటా పడుతుందని మరిచిపోకు; గేజ్ అంటే గొట్టం లోపలి వెడల్పుకి కొలత, 12 గేజ్ గొట్టం 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్ 15.6. గొట్టం సన్నం కాబట్టి గుళ్లూ తక్కువ పడతాయి, దూరం గీత ఇంకో ఐదు మీటర్లు ఇవతలికి జరుపుకో. గ్రెల్క్ డ్రిల్లింగ్‌కి రైఫిల్ గొట్టం కూడా ఉంటుంది, అది మోసేవాడు ఏ గొట్టం ఎంచుకున్నాడో నొక్కే ముందు చూసుకోవడమే పెద్ద పర్కు.

గురి ఊగడాన్ని తగ్గించే పర్కులు చాలామందికి ముద్దు. రైఫిల్‌తో 200 మీటర్లు కొట్టేవాడికి అవి ప్రాణం. 20 మీటర్లలో 50 సెంటీమీటర్లు విచ్చుకునే గుళ్లకి వేలెడు ఊగుడు లెక్కలోకి రాదు. స్లగ్ ఎక్కువగా వాడితే తప్ప వాటి జోలికి పోకు. పరుగెత్తి వచ్చి ఆయాసంతో కొట్టే అలవాటుంటే, తెర మీద గుండె వేగం చూపించే గుర్తు తగ్గేదాకా ఆగడం ఉచితం, దానికి పాయింటు ఎందుకు? దూరాన్ని బట్టి గురి మార్చుకునే జీరోయింగ్ రైఫిల్ మనిషికి మొదటి పర్కు, దాన్ని చూసి షాట్‌గన్ మీద ఆశలు పెంచుకోకు. అప్‌డేట్లతో పర్కుల వర్ణనలు మారుతుంటాయి కాబట్టి, పేరు చూసి కాకుండా కింద రాసింది చదివి కొను.

అసలు షాట్‌గన్‌కి అన్నిటికన్నా ఉపయోగపడేది షాట్‌గన్ పర్కుల్లో లేనే లేదు. స్కిల్ పాయింట్లు వేరు కదా, అందులో స్టాకర్ అనే విభాగంలో సాఫ్ట్ ఫీట్ అని ఉంది. పొదల్లో నడిచేటప్పుడు చప్పుడు తగ్గిస్తుంది. 60 మీటర్ల నుంచి 20 మీటర్లకి దగ్గరవడమే షాట్‌గన్ ఆట అయినప్పుడు, ఆ పాయింటు తుపాకీలో పెట్టిన మూడు పాయింట్లకి సమానం. దానితో పాటు గాలి వాలు చూసుకో, నీ వాసన ఎటు పోతోందో తెర మీదే కనిపిస్తుంది.

బాతుల చెరువు దగ్గర ఇంకో సంగతి. ఒకేచోట నుంచి వరసగా కాలుస్తుంటే మ్యాప్‌లో ఊదా రంగు మచ్చ పడుతుంది. అది వేట ఒత్తిడి. అది ముదిరితే జంతువులు ఆ చోటు వదిలేస్తాయి, మర్నాడు ఖాళీ నీళ్లే మిగులుతాయి. నేల మీది మాటుగూడు గ్రౌండ్ బ్లైండ్‌లోనో, చెట్టు మంచె మీదో కూర్చుని కొడితే ఒత్తిడి తక్కువ పడుతుంది. తూటాలు చౌకే కదా అని లేచిన ప్రతి గుంపు మీదా ఖాళీ చేయకు.

పడిన ప్రతి జంతువునీ తీసుకునేటప్పుడు వచ్చే తెరని దాటించేయకుండా చూడు. ఏ గుండు ఎటు నుంచి వెళ్లి ఏ అవయవానికి తగిలిందో గీతలతో చూపిస్తుంది. గుళ్లు తోక వైపే ఉంటే నువ్వు ముందుకి పెట్టింది చాలలేదు. నలుమూలలా చెదిరి, లోతు దిగకపోతే దూరం ఎక్కువైంది. మొదటి దెబ్బకే పడి, రెండోది అసలు తగలకపోతే అప్పుడు సమస్య రికాయిల్‌దో రీలోడ్‌దో, అంటే పర్కుదే.

అందుకని ఇప్పటికి ఒక్క పాయింటు కూడా ఖర్చు పెట్టకు. నీ తుపాకీ ఏదో, దానితో బాతుకి ఎన్ని మీటర్ల దూరం నుంచి కొట్టావో, తప్పింది మొదటి దెబ్బో రెండోదో రాసి పంపు. నాలుగు రకాల ఆయుధాల పర్కులూ నింపేన్ని పాయింట్లు ఎలాగూ రావు. రైఫిల్‌కి ఎన్ని మిగల్చాలో కూడా అది చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య