హద్దు పెంచితే రాకెట్ నిటారవుతుందా?

ప్రశ్న: మాస్టారూ, మా కాలేజీ జట్టు రెండు దశల హై పవర్ రాకెట్‌ను నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారిలో ఎగరేసింది. కింది మోటారు పూర్తిగా మండింది, దశలు విడిపోయాయి. 6 సెకన్ల తర్వాత అంటుకోవాల్సిన పై మోటారు అంటుకోలేదు. రాకెట్ ఒరుగుతూ వెళ్లి పారాచూట్‌తో దిగింది. మోటారును వెలిగించే ఇగ్నైటర్ పాడైందని కొందరు, కంప్యూటర్‌దే తప్పని కొందరు అంటున్నారు. రికార్డులో ఆ క్షణాన నిటారు నుంచి వంపు 24 డిగ్రీలు. అంతకు మించి ఒరిగితే పై మోటారు వెలిగించొద్దని కంప్యూటర్‌కు మేం పెట్టిన హద్దు 20. ఈసారి 35 పెట్టొచ్చా? లెక్కలు, వీడియో, ఫొటో పంపుతున్నాను.
- ఒక విద్యార్థి, అరిజోనా

జవాబు: వద్దు నాయనా. ఆ రోజు మీ రాకెట్‌లో తన పని తాను సరిగ్గా చేసింది ఆ హద్దే. 35 డిగ్రీలు ఒరిగాక పై మోటారు అంటుకుంటే రాకెట్ ఎత్తుకు పోవడం మాని పక్కకు పోతుంది. మీకు అనుమతి ఉన్న గగనతలం దాటి ఎక్కడ పడుతుందో చెప్పలేం. ఇగ్నైటర్‌నూ ఆడిపోసుకోకండి. వంపు హద్దు దాటిందని కంప్యూటర్ కరెంటు పంపలేదు. కరెంటే అందనిది ఎలా వెలుగుతుంది?

అసలు ఆ 24 డిగ్రీలు ఎక్కణ్నుంచి వచ్చాయో చూడండి. మీ లెక్క ప్రకారం లాంచ్ రైలు, అంటే రాకెట్‌ను మొదట నిటారుగా నడిపించే కమ్మీ, వదిలేటప్పుడు వేగం సెకనుకు 15 మీటర్లు. ఆ పూట గాలి గంటకు 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. రెండూ కలిస్తే గాలి ముక్కు మీద నేరుగా కాక, దాదాపు 20 డిగ్రీలు పక్కనుంచి తగులుతుంది. తోకన ఫిన్లు (రెక్కలు) ఉన్న రాకెట్ ఊరుకుంటుందా? ముక్కు అటు తిప్పుకుంటుంది. రైలు వదిలే వేగం గాలివేగానికి కనీసం నాలుగు రెట్లుండాలని ఈ పనిలో ఆరితేరినవాళ్లు చెప్పేది అందుకే. మీకు మూడు రెట్లు కూడా లేదు. రెండు దశల బరువు లేపాల్సిన చోట, తక్కువ థ్రస్ట్‌తో (తోపుడు బలంతో) ఎక్కువసేపు మండే మోటారు పెట్టారు మరి.

ఇక కింది మోటారు ఆగాక పైది వెలిగేదాకా పెట్టిన ఆ 6 సెకన్ల విరామం. ఎత్తు మీద ఆశతో పెట్టారని తెలుస్తూనే ఉంది. పలచటి గాలిలోకి చేరాక మోటారు వెలిగిస్తే డ్రాగ్ (గాలి నిరోధం) తక్కువ, నిజమే. కానీ ఈలోగా గురుత్వాకర్షణ ఊరికే ఉండదు. 10 డిగ్రీలు ఒరిగి, సెకనుకు 200 మీటర్ల వేగంతో పోయే రాకెట్ సెకనుకు అర డిగ్రీ చొప్పున ఇంకా వంగుతుంది. వేగం 100కు పడితే ఒక డిగ్రీ చొప్పున. ఒరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఆదేశం అందాక పెద్ద మోటారులో ఒత్తిడి పుంజుకోవడానికి పట్టే సమయం కూడా వంపు ఖాతాలోకే పోతుంది. కాబట్టి చురుగ్గా మండే కింది మోటారు, పొడవైన రైలు, తక్కువ విరామం. ఎత్తు కొంత పోతే పోనీ.

కంప్యూటర్‌ను అనుమానించడం తప్పేం కాదు. 2022 ఆగస్టు 7న శ్రీహరికోటలో ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగంలో, రెండో దశ విడిపోతున్నప్పుడు పుట్టిన క్షణికమైన కంపనాలను చూసి, యాక్సిలరోమీటర్లు (వేగంలో మార్పును కొలిచే పరికరాలు) చెడిపోయాయని కంప్యూటర్ తీర్మానించుకుంది. 356 కిలోమీటర్ల ఎత్తున వృత్తాకార కక్ష్యలో ఉండాల్సిన ఉపగ్రహాలు, ఒకవైపు 76 కిలోమీటర్లకు దిగే కక్ష్యలో పడి నష్టపోయాయి. మీ వీడియోలో మాత్రం వంపు కంటికే కనిపిస్తోంది, కంప్యూటర్ అబద్ధమాడలేదు.

ఇంకొకటి. ఫొటోలో నలుగురు కుర్రాళ్లు దిగిన రాకెట్‌ను భుజానికెత్తుకుని నవ్వుతున్నారు. అందులో మండని మోటారు, ఇగ్నైటర్ అలాగే ఉన్నాయి కదా! ముందు ఒక్కరే పక్కనుంచి వెళ్లి, స్విచ్ ఆపి, ఇగ్నైటర్ తీగలు విడదీయాలి. ఆ తర్వాతే మిగతావాళ్లను పిలవాలి.