"పాలకొండ బస్సు ఎల్లిపోనాదేటి?"

ప్రశ్న: మాది రాజాం. మా అమ్మాయి విజయనగరంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. యూఎక్స్ డిజైనర్ అవుతానంటోంది. బొమ్మలు వేయడం రాని పిల్లకు డిజైన్ పని ఎలా కుదురుతుంది? అసలు వీళ్లు రోజంతా ఏం చేస్తారు? – ఒక తండ్రి

జవాబు: అయ్యా, బొమ్మలు రాకపోవడం ఈ వృత్తికి అడ్డు కాదు. ఫోన్ తెర మీద కనిపించే రంగులు, బొత్తాలే డిజైన్ అని చాలామంది అనుకుంటారు గానీ, అవి ఈ పనిలో చాలా ఆలస్యంగా వచ్చేవి. 1993లో యాపిల్ సంస్థలో చేరిన డాన్ నార్మన్ యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్, అంటే వాడేవారి అనుభవం) అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినప్పుడే, వస్తువుతో మనిషికి కలిగే అనుభవం మొత్తాన్నీ దృష్టిలో పెట్టుకున్నారు.

రెండేళ్ల కిందట ఒక విద్యార్థి, బస్సుల వేళలు చెప్పే యాప్ నమూనా ఒకటి చేసి నాకు చూపించాడు. చూడముచ్చటగానే ఉంది. ఎవరిని అడిగి చేశావంటే మాత్రం సమాధానం లేదు. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో విచారణ కిటికీ పక్కన మూడు ఉదయాలు కూర్చొని, జనం అడిగే మాటలను వారి మాటల్లోనే రాసుకురమ్మన్నాను. పాలకొండ బస్సు ఎన్ని గంటలకని అడిగినవారు తక్కువ, "పాలకొండ బస్సు ఎల్లిపోనాదేటి?" అన్నవారే ఎక్కువ. చేతిలో సంచి, చంకలో పిల్ల ఉన్న మనిషికి రోజంతటి పట్టికతో పనిలేదు. ఇప్పుడు పరుగెత్తాలా, టీ తాగి రావచ్చా అన్నది తెలిస్తే చాలు. అతను తన మొదటి తెరను పూర్తిగా తీసేసి, ఇప్పుడే వెళ్లిన బస్సు, తరువాత రాబోయే బస్సు, ఈ రెండింటినే పెద్ద అక్షరాలతో పెట్టాడు.

డిజైనర్ పని సాగే తీరు ఇంచుమించు ఇదే. మనుషులను గమనించాలి, అసలు ఇబ్బందిని ఒక్క వాక్యంలో రాసుకోవాలి, దానికి పది రకాల పరిష్కారాలను కాగితం మీద పెన్సిలుతో గీసి చూడాలి. వాటిలో నిలిచినదాన్నే ఫిగ్మా వంటి సాఫ్ట్‌వేర్‌లో నమూనాగా చేసి, నలుగురి చేతికిచ్చి పరీక్షించాలి. ఈ పరీక్షకు వందల మంది అక్కరలేదు. అయిదుగురితోనే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని వాడుక సౌలభ్యంపై పరిశోధించిన జేకబ్ నీల్సన్ లెక్కగట్టి చూపారు. అయితే వారు తడబడుతున్నప్పుడు పక్కన కూర్చున్న డిజైనర్ నోరు మెదపకూడదు, ఇంజనీరింగ్ పిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే! మన విద్యార్థి పరీక్షలో ఒక పెద్దాయన, వెతకడానికి పెట్టిన భూతద్దం గుర్తును చూసి, అది నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయనుకున్నారు. ఆ గుర్తు పోయి "ఏ ఊరు వెళ్లాలి?" అన్న ప్రశ్న వచ్చింది. ఇలా పరీక్ష నుంచి మళ్లీ కాగితం దగ్గరకు వెనుదిరగడం ఓటమి కాదు, అది పనిలో భాగమే.

మీ అమ్మాయికి ప్రోగ్రామింగ్ తెలిసి ఉండడం లాభమే. ఏది కట్టడం సులువో, ఏది కష్టమో ఆమెకు ముందే తెలుస్తుంది. పైచదువు కావాలనుకుంటే, ఐఐటీ బొంబాయి నిర్వహించే సీడ్ (CEED) అనే డిజైన్ ప్రవేశ పరీక్షను చివరి సంవత్సరంలోనే రాసి ఎం.డిజైన్‌కు ప్రయత్నించవచ్చు. నేరుగా ఉద్యోగానికి వెళ్లాలంటే పోర్ట్‌ఫోలియో, అంటే తాను చేసిన పనులను చూపే సంకలనం, ముఖ్యం. అందులో ఇరవై అందమైన తెరలకన్నా, మొదట ఏమనుకున్నదీ, ఎక్కడ పొరబడిందీ, ఎందుకు మార్చిందీ వివరించే రెండు పనులు మేలు. కొద్ది వారాల్లో ఫిగ్మా మాత్రమే నేర్పి డిజైనర్‌ను చేస్తామనే కోర్సులకు వేలకు వేలు కట్టవద్దని నా అభిప్రాయం. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లో కూర్చొని ఉచితంగానే నేర్చుకోవచ్చు.

ఈసారి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, వాళ్లమ్మగారు ఫోన్‌లో కరెంటు బిల్లు కడుతుంటే పక్కన కూర్చోమనండి. సాయం చేయకుండా, ఆవిడ వేలు ఎక్కడెక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాసుకోమనండి. ఆ పని విసుగు పుట్టించకపోతే, పోర్ట్‌ఫోలియోలో మొదటి పనికి ఆ కాగితమే ఆధారం అవుతుంది.