చిన్న లేత్ మీద కొలత కుదరాలంటే ముందు ఏది మార్చాలి?

మీ ప్రశ్న చదివాను. ఇంట్లో ఏడంగుళాల చిన్న లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మిషన్), చేతిలో 15,000 రూపాయలు, జాబ్ (కోసిన ముక్క) కొలత ఒక చివర ఒకలా, ఇంకో చివర ఇంకోలా వస్తోంది. డీఆర్‌ఓ (టూల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపే పరికరం) పెట్టించాలా, క్విక్ చేంజ్ టూల్ పోస్ట్ (టూల్‌ను త్వరగా మార్చుకునే పిడి) కొనాలా, హెడ్‌స్టాక్ (ముక్కను తిప్పే భాగం) బేరింగులు మార్చాలా అని అడిగారు. ఇప్పుడే ఏదీ కొనకండి. ముందు మిషన్ కాళ్ల కింద చూడండి.

నాదీ అదే సైజు. హన్మకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నాను. నేను ముందు టూల్ పోస్ట్ కొన్నాను, ఆరు నెలలకు డీఆర్‌ఓ పెట్టించాను. టూల్ మార్చుకోవడం తేలికైంది, అంతే. కొత్తవాడలో జంపఖానాలు నేసే పెద్దాయన ఒకరు మగ్గం రోలరు చివర అరిగిపోయిన బుష్ తెచ్చి, ఇలాంటిదే చేసిపెట్టమన్నారు. 40 మి.మీ. పొడవు గన్‌మెటల్ ముక్క. డీఆర్‌ఓ అంకె చూసుకుంటూ జాగ్రత్తగా తిప్పాను. తీసుకెళ్లి పెడితే సగం దాకా దిగి ఆగిపోయింది. ఆయన సుత్తి అందుకుంటుంటే వద్దని ఆపి, ఇంటికి తెచ్చి మైక్రోమీటరు పెట్టి చూశాను. రెండు చివరల మధ్య 0.03 మి.మీ. తేడా. స్లైడు ఎంత జరిగిందో డీఆర్‌ఓ చెబుతుంది గానీ, బెడ్డు (టూల్ జరిగే పట్టాలున్న దిమ్మ) మెలి తిరిగి ఉంటే ఆ సంగతి దానికి తెలియదు.

సింగరేణి వర్క్‌షాపులో టర్నర్‌గా చేసి రిటైరైన మామ వరసాయన మా బజార్లోనే ఉంటారు. పిలిస్తే వచ్చారు. డీఆర్‌ఓ వైపు చూడనే లేదు. చక్‌లో (ముక్కను పట్టి తిప్పే దవడల్లో) ఇనుప రాడ్డు బిగించి, దాని మీద డయల్ గేజ్ (సన్నని కదలికను ముల్లుతో చూపేది) ఆనించి, కట్టెతో చక్‌ను పైకి ఎత్తి చూశారు. ముల్లు కొద్దిగానే కదిలింది. "బేరింగులు మంచిగనే ఉన్నయ్ అల్లుడా, జోలికి పోకు" అన్నారు. తర్వాత 25 మి.మీ. రాడ్డును చక్ నుంచి 100 మి.మీ. బయటికి ఉంచి, మధ్యలో తగ్గించి, రెండు చివర్లా ఉబ్బు వదిలారు. దూరం చివర సెంటర్ (ఊతంగా పెట్టే మొన) ఆనించలేదు. టూల్‌కు పదును పెట్టి, క్రాస్ స్లైడు చక్రం (టూల్‌ను లోపలికి, బయటికి జరిపేది) ముట్టుకోకుండా రెండు ఉబ్బుల మీదా ఒకే సన్నని కోత వేశారు. చక్ దగ్గర 24.50, దూరం చివర 24.58.

అప్పుడు వంగి బల్ల కింద చూశారు. మిషన్‌ను నేను పాత టేకు బల్లకు నాలుగు బోల్టులతో గట్టిగా బిగించాను. ఆ బల్ల ఒక మూల పల్లంగా ఉంది. బోల్టు బిగిస్తున్నకొద్దీ కాలు ఆ పల్లంలోకి దిగి, బెడ్డును మెలి తిప్పింది. మామ బోల్టులన్నీ వదులు చేసి, కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి టెయిల్‌స్టాక్ వైపు (చక్‌కు ఎదురు చివర) ముందు కాలు కింద పెట్టి మళ్లీ బిగించారు. మళ్లీ కోత, మళ్లీ కొలత. ఇంకో పొర వేశారు. నాలుగోసారికి తేడా 0.01కి దిగింది. రెండు గంటల పని, పైసా ఖర్చు లేదు.

మీకూ దూరం చివరే లావుగా వస్తే ఆ ముందు కాలే ఎత్తండి. సన్నగా వస్తే అదే వైపు వెనక కాలు. రాడ్డు మాత్రం లావుది తీసుకోండి, సన్నదైతే టూల్ తోపుకు అదే వంగి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

వీడియోల్లో పెట్టె విప్పి కొత్త సామాను బిగించేది చూపిస్తారు, కాళ్ల కింద రేకు పెట్టేది చూపించేవాళ్లు తక్కువ. నాకు ఒళ్లు మండే విషయం ఇది. కార్బైడ్ టిప్పుల (టూల్ కొనకు బిగించే గట్టి ముక్కల) సంగతీ అంతే. చిన్న మోటారు మీద సన్నని కోతకు బాగా సాన పట్టిన హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌ను మించింది లేదు. మామూలు కార్బైడ్ టిప్పు అంచు కాస్త మొద్దుగా ఉండి, మరీ సన్నని కోతలో లోహాన్ని కోయకుండా రుద్దుతుంది.

బేరింగులు నిజంగానే పోతే ఒక మాట. ఇలాంటి చాలా మిషన్లలో వచ్చేది 6206 నంబరు బేరింగు. దాని చోట 7206 యాంగ్యులర్ కాంటాక్ట్ సరిగ్గా కూర్చుంటుంది, రెండూ 16 మి.మీ. వెడల్పే. అందరూ చెప్పే 30206 టేపర్ రోలర్ వెడల్పు 17.25, స్పేసర్ (పక్కన వేసే రింగు) తగ్గించక తప్పదు.

ఇంకోటి, మన వైపు ఎండలు. మే నెలలో రేకుల షెడ్డులో కోత వేసిన వేడి మీదే కొలవకండి. 25 మి.మీ. ఉక్కు రాడ్డు 30 డిగ్రీలు చల్లారితే దాదాపు 0.009 మి.మీ. తగ్గుతుంది. మీరు వెతుకుతున్న తేడా కూడా దాదాపు అంతే.

ఆ 15,000లో ముందు మంచి డయల్ గేజ్, మాగ్నెట్ స్టాండు, 0–25 మి.మీ. మైక్రోమీటరు కొనండి. మిగతాది దాచండి. ఆదివారం రెండు ఉబ్బుల కోత వేసి, ఏ చివర ఎంత ఎక్కువ వచ్చిందో ఇక్కడే రాయండి. మామను అడిగి చెబుతాను.